బాడీకి ఎర్ర తీగ

ఆ బండిని చూసి మా ఆవిడ రెండే మాటలు అంది. "ఇదేంది?" అని ఒకటి, "ఎందుకు?" అని ఇంకొకటి. రెండింటికీ నేను నికరమైన జవాబు చెప్పలేకపోయాను. ఖానాపురం హవేలిలో మా వీధి పొడుగునా బటన్ నొక్కితే స్టార్టయ్యే బండ్లే ఉంటాయి. నేనేమో దమ్మపేట దగ్గర ఒక పామాయిల్ తోటలో, ఎరువుల బస్తాల వెనక ఏళ్ల తరబడి నిలబడిపోయిన, నాకన్నా రెండేళ్లు పెద్దదైన మోటారు సైకిల్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని తెచ్చాను. దాని సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. టైర్లలో గాలి లేదు. హెడ్‌లైట్ గిన్నెలో ఎండిపోయిన కందిరీగల తుట్టె ఒకటి. అయినా దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఏం చేయమంటారు?

అప్పట్లో నేను మణుగూరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. ఇల్లు ఖమ్మంలో, ఉద్యోగం అడవి అంచున. సోమవారం పొద్దున బస్సెక్కి పోయి, శనివారం సాయంత్రం బస్సెక్కి తిరిగొచ్చే బతుకు. కొత్తగూడెం దాటాక ఆ టేకు చెట్ల మధ్య నుంచి సొంత బండి మీద, అదీ అలాంటి బండి మీద, దడదడమంటూ పోవాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. అంతకు మించి ఇందులో పెద్ద తత్వం ఏమీ లేదు.

బండిని మణుగూరుకే చేర్చాను. అక్కడ బస్టాండు వెనక వీధిలో ఒక మెకానిక్ ఉండేవాడు. అరవై ఐదు దాటిన మనిషి, ఊళ్లో అందరికీ చాచా. ఆ షాపు వాళ్ల తాతల నాటిది. రేకుల షెడ్డులో ఒక పక్క ఆయన బండ్లు విప్పుతుంటే, ఇంకో పక్క ఆయన భార్య కుట్టు మిషను మీద సీటు కవర్లు కుట్టేది. ఆమెను అందరూ చాచీ అనేవాళ్లు. "ఇంజన్ ఆయిల్, వైరింగ్, సీటు కవర్లు" అని పైన బోర్డు. గనుల్లో షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, గూడేల నుంచి విత్తనాల కోసం, మందుల కోసం దిగివచ్చేవాళ్లు, అందరి బండ్లూ అక్కడే ఆగేవి.

నా బండిని చూడగానే చాచా చేతిలోని పానా కింద పెట్టి లేచి వచ్చాడు. "అరె వా! ఈ బండిని చూసి ఎన్నేండ్లాయె! ఏడ దొర్కింది సార్ మీకు?" అంటూ పెట్రోల్ ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ క్షణంలో నా ఛాతీ ఎంత వెడల్పయిందో చెప్పలేను.

ఇంజన్ పని పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ కాలేజీ అయిపోగానే నేను అక్కడికే పోయి స్టూలు మీద కూర్చునేవాణ్ని. చాచా పని చేస్తూ పాఠం చెప్పేవాడు. "ఆయిల్ మూడు చోట్ల సార్. ఇంజన్ల ఒకటి, గేర్ డబ్బల ఒకటి, చైన్ డబ్బల ఒకటి. మూడిట్ల దేన్ని మరిసినా అడవిల నిలబెడ్తది మిమ్మల్ని" అనేవాడు. పాత ఆయిల్ కిందికి దించేటప్పుడు రెండు చుక్కలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసుకుని మెల్లగా రుద్దేవాడు. కళ్లు మూసుకునేవాడు. తర్వాత వాసన చూసేవాడు. "జర ఇనుప పొడి తగుల్తున్నది, పెట్రోలు గూడ కలిసింది" అనేవాడు. ఆయన వేళ్లు చెప్పిన మాట ఒక్కటి కూడా తప్పయినట్టు నాకు గుర్తు లేదు.

బండి నా చేతికొచ్చిన మొదటి నెలలోనే నేనొక వెధవ పని చేశాను. రెండు వారాలు తోలకుండా ఉంచిన బండిని పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే, ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను. అడుగంటింది. అయ్యో అని అర లీటరు పైగా పోసేశాను. స్టార్ట్ చేస్తే మణుగూరులో నేను గది అద్దెకు తీసుకున్న వీధంతా తెల్లటి పొగ. పక్కింటి వాళ్లు దోమల మందు కొడుతున్నారనుకుని కిటికీలు వేసుకున్నారు. షాపుకు తోసుకుంటూ పోయి జరిగింది చెప్తే, చాచా పొట్ట పట్టుకుని నవ్వాడు. నిలబడి ఉన్న బండిలో ఆయిల్ దాని గదిలోంచి మెల్లగా ఇంజన్ అడుక్కి దిగిపోతుందట. ఇంజన్ తిరిగి వేడెక్కాక అదంతా మళ్లీ పైకి వస్తుందట. "సల్లగున్నప్పుడు చూస్తే పుల్ల అబద్ధం చెప్తది సార్. నేను గూడ సిన్నప్పుడు గిట్లనే పోసి మా అబ్బాజాన్ తోని తన్నులు తిన్న" అన్నాడు. ఎక్కువైన ఆయిల్ దించేసి పంపాడు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, నా తప్పు చూసి నవ్వేసి వదిలేసే మనిషాయన అని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా చేశాను, తర్వాత చేసిన పని.

బండి నా చేతికి రాకముందు, ఇంజన్ పని తర్వాత వైరింగ్ జరిగింది. పాత తీగలన్నీ ఎలుకలు కొరికేశాయి, మొత్తం కొత్తగా వేయాలి. చాచాకు అప్పటికే ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి, లావు కళ్లద్దాలు పెట్టుకునేవాడు. షెడ్డు నీడలో ఎరుపు, నలుపు, గోధుమ రంగు తీగలు ఆయనకు ఒకేలా కనబడేవి. అందుకని తీగ చివర పట్టుకుని చాచీ వైపు ఎత్తి చూపించి, "లాల్? కాలా?" అని అడిగేవాడు. ఎర్రదా, నల్లదా అని. ఆమె మిషను తొక్కడం ఆపకుండానే తల తిప్పి చూసి, "లాల్" అనేది. ఆయన బిగించేవాడు. మళ్లీ ఇంకో తీగ. మళ్లీ "లాల్? కాలా?" రెండు రోజులు ఇదే పాట. నేను స్టూలు మీద కూర్చుని లోపల్లోపల నవ్వుకున్నాను. ఇరవై ఏళ్ల నుంచి కరెంటు పాఠం చెప్తున్నవాణ్ని కదా, ఆ మాత్రం పొగరు ఉండకపోతే ఎలా?

పని అయ్యాక బండి ఇస్తూ ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "బ్యాటరీ జోలికి మాత్రం పోకుండ్రి సార్. తీయాలన్నా పెట్టాలన్నా నా దగ్గరికే తేండ్రి. ఈ బండి లెక్క వేరే ఉంటది." నేను సరే సరే అని కిక్కు కొట్టాను. లెక్క ఎలా వేరో అడగలేదు. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాడు.

దసరా సెలవులకు పది రోజులు ఖమ్మం వెళ్తూ బండిని మణుగూరు గదిలోనే పెట్టాను. తిరిగొచ్చేసరికి బ్యాటరీ దిగిపోయింది. ఈ మాత్రం దానికి చాచా దాకా ఎందుకని నేనే మూత విప్పాను. చూస్తే ప్లస్ వైపు ఎర్ర తీగ తీసుకుపోయి బండి చట్రానికి బిగించి ఉంది. మెకానిక్కులు దాన్ని బాడీ అంటారు. ఏ బండి చూసినా బాడీకి ఉండేది మైనస్, అంటే నల్ల తీగ. ఇక్కడ అడ్డంగా తిరగేసి ఉంది. "చాచీ రంగు తప్పు చెప్పింది, ఈయన గుడ్డిగా బిగించాడు" అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. వాళ్ల తప్పు నేను పట్టుకున్నానని. బ్యాటరీని చార్జింగ్ చేయించి తెచ్చి, నల్ల తీగ బాడీకి బిగించి, ఎర్ర తీగను రెండో వైపు తగిలించాను.

తగిలించీ తగిలించకముందే సీటు కింద నుంచి పొగ లేచింది. కుళ్లిన గుడ్ల కంపు గది నిండా. కరెంటును ఒకవైపే పోనిచ్చే పలకల కట్ట ఒకటి ఉంటుంది ఆ బండిలో. అది మాడిపోయింది. దానితో పాటు చాచా రెండు రోజులు కూర్చుని వేసిన కొత్త తీగలు సగం కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వేలు కాలుతున్నా ఎర్ర తీగ పీకేశాను. నల్లది బాడీకి అలాగే ఉండిపోయింది.

ఆ మంటంతా నాకు తలకెక్కింది. ముసలాయన వైరింగే తప్పు, నేను ఒక్క చోట సరిచేస్తే మిగతా చోట్ల ఉన్న తప్పులు బయటపడ్డాయి అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మర్నాడు పొద్దున ట్రాలీ ఆటోలో బండి ఎక్కించుకుని షాపు ముందు దింపాను. అప్పుడు షాపులో అయిదారుగురు ఉన్నారు. ఇద్దరు గని వాళ్లు, గూడెం నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు, మా కాలేజీలో చదివే పిల్ల తండ్రి ఒకాయన. వాళ్లందరి ముందు అన్నాను, "ఏం చాచా, కళ్లు కనబడనప్పుడు వైరింగ్ ఎందుకు ముట్టుకుంటారు? బండి తగలబడిపోయేది, నేను కూడా పోయేవాణ్ని" అని.

చాచా బండి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మూత తీసి, వేళ్లతో తడుముతూ పోయాడు. కరిగిన తీగల దగ్గర ఆగాడు. బాడీకి బిగించిన బోల్టు దగ్గర ఆగాడు. ఎప్పుడూ భార్యతో ఉర్దూలోనే మాట్లాడే మనిషి, ఆ రోజు అందరికీ అర్థమయ్యేలా తెలుగులో అడిగాడు.

"బాడీకి ఏ తీగ ఉన్నది చూడు."

చాచీ మిషను దగ్గర నుంచి లేచి వచ్చి వంగి చూసింది. "నల్లది."

"మంచిగ చూడు. నల్లదేనా?"

"నల్లదే."

ఆయన మొహం పాలిపోయింది. "ఎర్రది గద ఉండాలె" అన్నాడు మెల్లగా. పక్కనున్న గని మనిషి అదేంది చాచా అంటే, ఆయన చెప్పాడు. ఆ కాలం నాటి కొన్ని బండ్లకు ప్లస్సే బాడీకి ఇస్తారు. అందరికీ తెలిసిన పద్ధతికి అది తిరగబడి ఉంటుంది. తిప్పి కలిపితే ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి కొన్నాళ్లకు మాడిపోతుంది. వాళ్ల నాయన చెప్పిన మొదటి సంగతే అది.

మాడ్చింది నేను. నా ఈ చేతులు. నా ఇరవై ఏళ్ల ఫిజిక్సు. అప్పుడు చాచా తలెత్తి, కళ్లు చికిలించి నా వైపు చూశాడు. "సార్, మీరు ఏమన్న చెయ్యి పెట్టిండ్రా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఇప్పుడే కదా అంత పెద్ద నోరు చేసుకుని అరిచాను. ఆ పిల్ల తండ్రి నన్నే చూస్తున్నాడు. "లేదు" అన్నాను.

ఆ ఒక్క మాట అనడానికి ఎంత సేపు పడుతుంది? ఇన్నాళ్లయినా అది నా నోట్లో చేదుగానే ఉంది.

చాచా భార్య వైపు తిరిగాడు. "ఆ రోజు నువ్వు ఏం చెప్పినవ్? లాల్ అన్నవా, కాలా అన్నవా?" ఆమె పాపం, రెండు రోజుల్లో యాభై తీగల రంగులు చెప్పింది. ఏ తీగకు ఏం చెప్పిందో ఎవరికి గుర్తుంటుంది? "లాల్ అనే అన్ననేమో" అంది చివరికి. ఆ "నేమో" విని ఆయన తల దించుకున్నాడు. "తప్పు మాదే సార్. మాఫ్ చేయుండ్రి" అన్నాడు. నాది అనలేదు, మాది అన్నాడు. చాచీ వెళ్లి మిషను దగ్గర కూర్చుంది గానీ నేనున్నంతసేపూ తొక్కలేదు. నేను, సిగ్గులేనివాణ్ని, "సరే, జల్దీ చేసియ్యండి" అని కాలేజీకి పోయాను.

ఈసారి వైరింగ్ ఆయన చేయలేదు. కొత్తగూడెం నుంచి ఒక మనిషిని పిలిపించి చేయించాడు. నేనివ్వబోయిన డబ్బు తీసుకోలేదు. బండి తెచ్చుకునే రోజున నిజం చెప్దామనుకున్నాను, షాపులో జనం ఉన్నారు. తర్వాత వారం పోయాను, ఆయన నమాజుకు వెళ్లాడు, చాచీ ఒక్కతే ఉంది, ఆమెతో ఏం చెప్తాంలే అని తిరిగొచ్చాను. ఇంకోసారి నిజంగానే ఎవరూ లేరు. చాచా టీ తెప్పించాడు. ఆ టీ తాగి, వానల గురించి మాట్లాడి వచ్చేశాను. ఛీ, మనిషినా నేను! ఎండాకాలంలో ఖమ్మానికి బదిలీ అయింది. ఇంకేం, దూరం వచ్చింది, సాకు దొరికింది.

మళ్లీ వానలు వెనకబట్టాక గానీ అటు పోలేదు. ఖమ్మంలో ఆయిల్ మార్పిస్తే బండి గొంతు మారిపోయింది, చాచా చెయ్యి పడితేనే బాగుంటుందనిపించింది. నాకు సొంత పని పడితే గానీ ఆయన గుర్తు రాలేదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా. పొద్దున్నే బయలుదేరి పదిన్నరకల్లా మణుగూరు చేరాను.

బోర్డు చూసి బండి దిగకుండానే ఆగిపోయాను. "ఇంజన్ ఆయిల్" ఉంది. "సీటు కవర్లు" ఉంది. మధ్యలో "వైరింగ్" మీద తెల్ల రంగు పూసేశారు.

చాచా నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో! కళ్లద్దాలు లేవు. "రెండో కన్ను గూడ చేయించిన సార్. ఇప్పుడు మంచిగ కనబడ్తున్నది, ఆ కరెంటు స్తంభం మీద కాకి గూడ కనబడ్తది" అన్నాడు. మరి వైరింగ్ ఎందుకు మానేశారంటే, చెయ్యి ఊపేశాడు. "కండ్లు వచ్చినయి గానీ నమ్మకం రాలె సార్. తీగ పట్టుకుంటే చెయ్యి ఒణుకుతది. ఎవలి బండన్న కాలితే? మనుషులు సస్తే? ఆయిల్ పని చాలు. ఆయిల్‌ను వేళ్లతోని చూసుకోవచ్చు."

ఆ బజారులో పెద్ద పని అంతా వైరింగే. అది పోతే షాపులో మిగిలేది ఎంతో నాకు తెలుసు. షెడ్డు ముందు ఒక్క బండి కూడా లేదు ఆ పొద్దున. వాళ్లిద్దరే ఉన్నారు. ఇక ఆగలేకపోయాను.

"చాచా, మీ తప్పు కాదు. మీరు ఎర్ర తీగే బాడీకి ఇచ్చారు. నేనే బ్యాటరీ తీసి, తప్పనుకుని తిప్పి పెట్టాను. నా వల్లే కాలింది. ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను. కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.

చాచా నన్ను చూసి నవ్వాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎంత మంచి మనసు సార్ మీది. బోర్డు చూసి బాధయింది గదా మీకు?"

"బోర్డు సంగతి కాదు చాచా, నిజంగా నేనే చేశాను."

"మీరు ఫిజిక్స్ సార్. ప్లస్ ఏందో మైనస్ ఏందో పిలగాండ్లకు చెప్పేటోళ్లు. మీకు తెల్వదా?"

"తెలియకనే కదా చేసింది!"

"ఆ రోజు అడిగిన గద మిమ్మల్ని, అందరి ముందట. మీరు లేదన్నరు. మీ అసుంటి పెద్దమనిషి అబద్ధం ఎందుకు చెప్తడు?" అన్నాడు. ఆయన దగ్గర అదే చివరి సాక్ష్యం, దాన్ని నేనే ఇచ్చాను. ఎలా తిప్పి చెప్పినా ఆయన నవ్వు పెద్దదవుతోంది తప్ప నా మాట లోపలికి పోవడం లేదు. బ్యాటరీ ఎక్కడ చార్జింగ్ చేయించానో చెప్పాను. కాలిన వేలి మీద మచ్చ చూపించాను. "ఊకోండ్రి సార్, తప్పు మా ఇద్దరిదే, అయిపాయె" అంటూ ఆయన టీ చెప్పడానికి పక్క హోటల్‌కు నడిచాడు.

చాచీ చేతిలోని సీటు కవరు పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి నిలబడింది. "నేను లాల్ అనే చెప్పిన్నా సార్?"

"అవును చాచీ. సరిగ్గా చెప్పారు. అన్నీ సరిగ్గానే చెప్పారు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన వెళ్లిన వైపు చూసింది. "ఆ రోజు నుంచి నన్ను ఏ రంగూ అడగలే" అంది. మళ్లీ నా వైపు తిరిగింది. "ఆ రోజే చెప్తే ఇద్దరం నమ్మేటోళ్లం సార్."